గడ్డి బండి నేర్పినవాణ్ణి

ఆ బండిని లారీలోంచి దింపిన రోజు గెస్ట్‌హౌస్ ముందు చాలామందిమి చేరాం. పసుపు రంగు బండి, చిన్నపిల్లలు ఆడుకునే ట్రాక్టరును కొంచెం పెద్దది చేసినట్టుంది. మధ్యలో, కడుపు కింద, వెడల్పాటి ఇనుప డొప్ప. ఆ డొప్ప లోపల రెండు బ్లేడ్లు. సీటు మీద కూర్చుని నడుపుకుంటూ పోతే కింద గడ్డి అదే కోసుకుపోతుంది. అప్పటిదాకా ఆ పని పదకొండు మంది ఆడవాళ్లు గొంతుకూర్చుని కొడవళ్లతో చేసేవాళ్లు. వాళ్లూ వచ్చి చూశారు. "ఇగ మనం ఇంటికి పోవుడే" అన్నది ఒకామె నవ్వుతూ. మిగతావాళ్లు కూడా నవ్వారు. నెల తిరిగేసరికి వాళ్లలో ఏడుగురు రావడం మానేశారు. మానేశారు అనడం తప్పు, మేమే వద్దన్నాం. ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే.

అప్పట్లో నేను ఆ కాలనీలో తోటల సూపర్‌వైజర్ని. మాది ఎర్రుపాలెం వైపు. డిప్లొమా చేసి, నర్సరీల్లో తిరిగి తిరిగి, చివరికి పాల్వంచ దాటాక అడవి అంచున ఉన్న ఈ కంపెనీ కాలనీలో కుదురుకున్నాను. కంపెనీ పేరు ఇక్కడ అక్కర్లేదు. ఉద్యోగం కాంట్రాక్టుది, ఏడాదికోసారి కాగితం తిరగరాయాలి. క్వార్టర్ల మధ్య పచ్చిక, గెస్ట్‌హౌస్ ముందు పచ్చిక, కాలనీ చివర నీళ్లు నిలవచేసే పెద్ద గుంట, దాని కట్ట. ఇదంతా నా కిందికే వచ్చేది. అడవి పందులు వచ్చి పచ్చికను దున్నిపోతే పొద్దున్నే నాకే ఫోన్లు. టేకాకులు రాలితే నాకే ఫోన్లు.

బండి వచ్చింది గానీ నడిపే మనిషి లేడు. ట్రాక్టరు తోలిన అనుభవం ఉన్న ఒకతణ్ణి ఎక్కిస్తే మొదటి రోజే గులాబీ మడిలోకి తీసుకుపోయి పెట్టాడు. ఇంకొకడు ఫోను మాట్లాడుతూ నడిపాడు. మూడో రోజు, కొడవలి పట్టే ఆడవాళ్లలో పెద్దావిడ నా దగ్గరికి వచ్చి నిలబడింది. నలభై దాటి ఉంటాయి. కాలనీకి ఆరు కిలోమీటర్ల లోపల, అడవిలో ఉన్న గూడెం ఆమెది. భర్త పోయాడు, అక్క ఇంట్లో ఉంటుంది. ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు. కొడవలి పనిలో ఆమెను మించినవాళ్లు లేరు.

"నేను నేర్చుకుంట సారూ" అన్నది.

పక్కనున్న మగవాళ్లు నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది. కానీ సరే, ఒకసారి కూర్చో అన్నాను. ఆమె కూర్చోలేదు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది. తర్వాత నేల మీద మోకాళ్లూని, చెంప నేలకు ఆనేంత వంగి డొప్ప కిందికి చూసింది.

"ఎక్కక్కా, భయమా?"

"భయమే. దీని కింద ఏమున్నదో సూడకుంట పైన ఎట్ల కూసుంట?"

అప్పుడే నిశ్చయించుకున్నాను ఈమెకే నేర్పాలని.

బండితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను రెండు సాయంత్రాలు కూర్చుని అందులోని జాగ్రత్తలన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, బండి పెట్టే షెడ్డు గోడకు అంటించాను. ఆమె ఐదో తరగతి చదివింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ కాగితం మొత్తం చదివింది. చదివి ఊరుకోలేదు, ప్రతి దానికీ ఎందుకు అని అడిగింది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు ఎందుకు పోయకూడదు? వెనక్కి పోయేటప్పుడు బ్లేడు ఎందుకు ఆపాలి? గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపాక కూడా తాళం చెవి ఎందుకు తీసి జేబులో వేసుకోవాలి? నాకు తెలిసింది చెప్పాను, తెలియనిది పుస్తకంలో చూసి చెప్పాను. ఆమె అడగబట్టే నాకూ కొన్ని అర్థమయ్యాయి.

వాలు గురించి చెప్పిన రోజు కట్ట దగ్గరికి తీసుకెళ్లాను. కట్ట పైభాగం కొంచెం వాలుగా ఉంటుంది, అక్కడ బండి నడపొచ్చు. కింది భాగం నిటారుగా దిగిపోయి, నీళ్ల అంచున పేర్చిన రాళ్ల దగ్గర ఆగుతుంది. "పైభాగంలో కిందికీ పైకీ నడపాలి అక్కా, అడ్డంగా నడపకూడదు. అడ్డంగా పోతే బండి ఒరిగిపోతుంది. కింది భాగం అసలు బండితో వద్దు, కొడవలే. ఇక వాన పడ్డాక అయితే పైభాగం కూడా వద్దు. గడ్డి తడిగా ఉంటే చక్రానికి పట్టు దొరకదు. బ్రేకు తొక్కినా జారుతూనే ఉంటుంది."

"తొక్కితే ఇంకింత జారుతది గద" అన్నది ఆమె. చిన్నప్పటినుంచీ వాన కాలంలో గుట్టలు ఎక్కిదిగిన మనిషికి అది నేను చెప్పాల్సిన సంగతి కాదు.

ఆమె మూడేళ్లు ఆ బండి నడిపింది. కంపెనీ ఇచ్చిన బూట్లు మగవాళ్ల సైజువి. ముందు భాగంలో పాత గుడ్డలు కుక్కుకుని వేసుకునేది. బండెక్కితే బూట్లు ఉండాల్సిందే, దిగగానే విప్పేసేది. మొదటి నెలలో ఒకసారి బ్లేడుకు కంకరరాయి తగిలి ఎగిరి గెస్ట్‌హౌస్ కిటికీ అద్దం పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజునుంచీ బండి తీసే ముందు సిమెంటు సంచి పట్టుకుని పచ్చికంతా నడిచేది. రాళ్లు, పుల్లలు, సీసా మూతలు, తీగ ముక్కలు ఏరి సంచిలో వేసేది. దానికే గంట పట్టేది. ఆమె పని నిదానమని కొందరు నాకు చెప్పారు. నేను పట్టించుకోలేదు.

ఒకసారి ఒక ఆఫీసరుగారి భార్య మనవరాల్ని ఎత్తుకుని వచ్చి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్క రౌండు తిప్పమని అడిగింది. ఈమె ఇంజను ఆపేసి, తాళం చెవి తీసి, కిందికి దిగి నిలబడింది. "తిప్పనమ్మా. ఇది ఆట బండి గాదు" అన్నది. ఆ సాయంత్రం నాకు పిలుపొచ్చింది. తోటపని మనిషికి అంత పొగరా అన్నారు. ఆమె చేసింది రూలు ప్రకారమే అని చెప్పి వచ్చాను. నేను ఆమె పక్షాన నిలబడ్డ రోజులు కూడా ఉన్నాయని చెప్పుకోవడానికి నాకు మిగిలింది ఆ ఒక్కటే.

ఆమె నా యాసను చూసి నవ్వేది. "ఏంటక్కా" అంటే "ఏంటి ఏంటి అంటవు, ఏంది అనరాదా" అనేది. ఇప్ప పువ్వు ఎండబెట్టి నాకోసం పొట్లం కట్టి తెచ్చేది. మా ఇంట్లో దాన్ని ఏం చేసుకోవాలో ఎవరికీ తెలియదు. పారేయబుద్ధి కాక డబ్బాలో వేసి పెట్టేవాళ్లం.

రెండో ఏడాది ఒక చిక్కు వచ్చింది. ఆ బండి సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. మనిషి సీటు మీద ఉన్నంతసేపే ఇంజను, బ్లేడ్లు తిరుగుతాయి. మనిషి లేచినా పడిపోయినా ఆ క్షణమే ఆగిపోతాయి. అయితే ఆమె బరువు తక్కువ. పందులు తవ్విన గుంతల మీద బండి ఎగిరితే ఆమె కూడా సీటు మీద ఎగిరేది, ఇంజను ఆగిపోయేది. రోజుకు ఇరవై సార్లు ఆగేది. పని నడవడం లేదని పైనుంచి మాట వచ్చింది. కొత్తగూడెం నుంచి మెకానిక్కును పిలిపించాను. అతను స్విచ్ వైర్లు రెండూ విప్పి, మధ్యలో ఒక చిన్న తీగ ముక్క కలిపి టేపు చుట్టాడు. "ఇక ఆగదు సార్" అన్నాడు.

ఆమె పక్కనే నిలబడి చూస్తోంది. "మరి నేను పడిపోతే?" అని అడిగింది.

"కొత్త స్విచ్ తెప్పిస్తాలే అక్కా. అందాకా కొంచెం జాగ్రత్తగా నడుపు" అన్నాను.

తెప్పించాలనే అనుకున్నాను. ఒకసారి కాగితం పెట్టాను కూడా. జవాబు రాలేదు. మళ్లీ పెట్టలేదు. బండి ఆగకుండా నడుస్తోంది, ఎవరూ అడగడం లేదు, నేనూ మర్చిపోయాను.

మూడో ఏడు శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. ఆ మర్నాడు హెడ్డాఫీసు నుంచి పెద్దాయన ఒకరు వస్తున్నారు. గుంట కట్ట మీద మొక్కలు నాటిస్తారని, కట్ట మొత్తం శుభ్రంగా ఉండాలని ఎస్టేట్ ఆఫీసరు నాలుగుసార్లు ఫోను చేశాడు. కట్ట మీద గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. నాట్ల కాలం కదా, కొడవలి పట్టే ముగ్గురూ పొలాలకు పోయారు. ఆ రోజు పనికి వచ్చింది ఆమె ఒక్కతే. నా కాంట్రాక్టు కాగితం తిరగరాయాల్సింది కూడా ఆ నెలలోనే.

బండి తీయమన్నాను. ఆమె కట్ట మీదికి పోయి, కాలితో గడ్డిని రాసి చూసింది. చెప్పుకు తడి మట్టి అంటుకుని వచ్చింది.

"వద్దు సారూ. నేలంత నాని ఉన్నది. జారుతది."

"పైభాగం వరకు చెయ్యి."

"పైన గూడ వద్దు. నువ్వే రాసి గోడకు పెట్టినవ్ గద."

"అక్కా, రేపు పొద్దున్నే వస్తున్నారు వాళ్లు. నాకు ఇంకో దారి లేదు."

"నేను కొడవలితోని కోస్త. పొద్దుమీకెదాక కోస్త. ఎంతయితే అంత."

"సగం కూడా కాదు."

"కాకుంటే కాలే. వాళ్లకు చెప్పు, వాన వడ్డదని."

ఆమె గొంతు పెంచలేదు. ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. నేను నేర్పిన మనిషి నాకు ఎదురు చెబుతోందన్నది కాదు అసలు కారణం. ఆమె చెప్పేది నిజమని తెలుసు, అది నాకు అడ్డంగా ఉంది. షెడ్డులోకి పోయి నేనే బండి ఎక్కాను.

"అయితే నేను నడుపుతా" అన్నాను.

"నీ ఇష్టం. రాళ్లన్న ఏరనియ్యి" అని సంచి తీసుకుంది. బండి నడిపేది ఆమె కాదు కాబట్టి బూట్లు వేసుకోలేదు. పైభాగం ఏరడం అయ్యాక చెప్పులతోనే కట్ట దిగి, కింద నీళ్ల అంచు దగ్గర కూడా వంగి ఏరసాగింది.

ఆమె అక్కడ ఉందని నాకు తెలుసు. చాలా నెలల తర్వాత ఇద్దరు ముగ్గురు ఆ ప్రశ్న అడిగారు, నన్ను నేను కూడా ప్రశ్నించుకున్నాను. కనిపించలేదా అని. కనిపించింది. ఆకుపచ్చ చీర, తల మీద తువ్వాలు. నేను అటు వచ్చేలోపు పక్కకు జరుగుతుందిలే అనుకున్నాను. జరుగు అని చెప్పలేదు. ఆమె పైకి వచ్చేదాకా ఆగలేదు.

మొదటి రెండు వరసలు బాగానే పోయాయి. గడ్డి ముద్దలు ముద్దలుగా పడుతోంది. కిందికీ పైకీ నడపాలని నేనే రాశాను గానీ, ముక్కు కిందికి పెట్టి దిగుతుంటే ముందుకు పడిపోతానేమోనని భయమేసింది. మూడో వరస అడ్డంగా తిప్పాను. అడ్డంగా పోతూ పోతూ వాలు ఎక్కువున్న చోటికి ఎప్పుడు వచ్చానో తెలియలేదు. వెనక చక్రం ఒకటి పక్కకు జరిగింది. బ్రేకు తొక్కాను. తొక్కగానే నాలుగు చక్రాలూ పట్టు వదిలేశాయి, బండి మొత్తం పక్కవాటుగా కిందికి జారడం మొదలుపెట్టింది. నేను పైవైపుకి దూకాను.

నేను దూకాక కూడా ఇంజను చప్పుడు వినిపిస్తూనే ఉంది. బ్లేడ్ల చప్పుడు కూడా.

ఆమె తలెత్తి చూసింది. పక్కకు ఉరికింది. రెండడుగులు వేసిందేమో, తడి మట్టిలో కాలు జారి బోర్లా పడింది. బండి ఆమెను దాటిపోలేదు. ఎడమ కాలి మీదికి ఎక్కి, ఆ కింద ఉన్న రాళ్లకు తగిలి ఆగింది. నేను ఎట్లా దిగానో గుర్తులేదు. తాళం చెవి తిప్పింది గుర్తుంది. అంతా నిశ్శబ్దమైపోయాక ఆమె అరుపు వినబడింది. అంతకుముందునుంచీ అరుస్తూనే ఉంది కాబోలు.

నా చొక్కా విప్పి ఆమె మోకాలి కింద బిగించి కట్టాను. గెస్ట్‌హౌస్ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి బండిని ఒక పక్కకు ఎత్తి కాలు బయటికి తీశాం. కంపెనీ డిస్పెన్సరీలో కట్టు మార్చి ఖమ్మం పెద్ద దవాఖానాకు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో ఆమె పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా ఆమె తన భాషలోనే ఏదో అంటూ ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. జూలూరుపాడు దాటాక మాటలు ఆగిపోయాయి. చచ్చిపోయిందనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

పాదం సగం తీసేశారు. వేళ్లు, వేళ్ల వెనక ఉన్న భాగం. మడమ మిగిలింది.

ఆమె అక్క దవాఖానాకు వచ్చాక నేను బస్సెక్కి కాలనీకి తిరిగొచ్చాను. ఇంకా వెలుతురు ఉంది. బండిని ఎవరో తాడు కట్టి లాగి షెడ్డులో పెట్టారు. నేను లోపలికి పోయి, సీటు ఎత్తి, టేపు పీకేసి, మధ్యలో ఉన్న తీగ ముక్క తీసేశాను. స్విచ్ వైర్లు మళ్లీ వాటి చోట బిగించాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల గురించి ఇప్పటికీ ఆలోచిస్తాను. తీగ ముక్కను నడుచుకుంటూ పోయి గుంట నీళ్లలో విసిరాను. మర్నాడు సేఫ్టీవాళ్లు వచ్చి చూస్తే స్విచ్ చక్కగా ఉంది.

వాళ్లు రాకముందే ఎస్టేట్ ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఎవరు నడిపారు?"

"నేనే సార్."

లేచి కిటికీ కూడా మూశాడు. "ఎవరైనా చూశారా?"

"వాచ్‌మన్ తర్వాత వచ్చాడు సార్. చూడలేదు."

"చూడు. రికార్డులో ఆపరేటరు ఆమె. నువ్వు నడిపావని రాస్తే ఇన్సూరెన్సువాళ్లు ఆమెకు పైసా ఇవ్వరు. అనుమతి లేని మనిషి నడిపాడని కొట్టిపారేస్తారు. నీ ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఆమె గురించి ఆలోచించు. ఆమె నడుపుతూ పడిందని రాద్దాం. అందరికీ మంచిది."

నేను నమ్మాను. నమ్మితే నాకు బాగుంటుంది కాబట్టి నమ్మాను. పని చేస్తూ దెబ్బ తగిలిన మనిషికి, బండి ఎవరు నడిపినా రావాల్సింది వస్తుందని ఆరు నెలల తర్వాత ఒక వకీలు చెప్పాడు. ఆ రోజే ఎవరినైనా అడిగి ఉంటే తెలిసేది. అడగలేదు.

రిపోర్టు నేనే రాశాను. తడి వాలుపై నడపరాదన్న సూచన గోడపై స్పష్టంగా ఉన్నప్పటికీ ఆపరేటర్ దానిని పాటించనందున ప్రమాదం జరిగినది, అని. వద్దు సారూ అన్న మనిషి గురించి ఆ వాక్యం రాశాను.

దానికి ఆమె సంతకం కావాలన్నారు. నాలుగో రోజు దవాఖానాకు పట్టుకుపోయాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాలు దుప్పటి కింద ఉంది.

"ఏం రాసిండ్రు, సదువు" అన్నది.

చదివాను. దాటేయకుండా మొత్తం చదివాను.

"నేను నడిపిన్నా?"

"అట్లా రాస్తే నీకు డబ్బు తొందరగా వస్తుందంట అక్కా."

పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. ఆమె అక్క వాళ్ల భాషలో ఏదో అడిగింది, ఈమె చెయ్యెత్తి ఆగమన్నది.

"నీ నౌకరి పోదు గద?" అని నన్ను అడిగింది.

"పోదు" అన్నాను.

పెన్ను తీసుకుంది. ఒక్కో అక్షరం నిలిపి నిలిపి తన పేరు రాసింది.

ఆ మాట ఏ ఉద్దేశంతో అడిగిందో నాకు తెలియదు. నా మీద జాలితోనో, నేను ఎందుకు వచ్చానో తనకు అర్థమైందని చెప్పడానికో. అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు.

నా కాంట్రాక్టు మళ్లీ ఏడాదికి రాశారు. ఆమెకు రావాల్సింది కొంత ఆలస్యంగా వచ్చింది, కోత పెట్టి వచ్చింది. కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక ఒకరోజు ఆటోలో కాలనీకి వచ్చింది. కూర్చుని చేసే పని ఏదైనా ఇమ్మని అడిగింది. నర్సరీలో సంచులకు మట్టి నింపే పని ఉంది, నేను ఇప్పించగలననుకున్నాను. ఫైలు చూసి కుదరదన్నారు. నిర్లక్ష్యం వల్ల ప్రమాదం చేసిన మనిషిని మళ్లీ తీసుకోవడం ఎట్లా అన్నారు. అది నా చేతిరాత. ఆ మాట ఆమెకు చెప్పలేదు, ఖాళీ లేదంటున్నారక్కా అన్నాను. ఆమె తలూపి ఆటో ఎక్కింది.

అంతకన్నా పాడు సంగతి నాకు తర్వాత తెలిసింది. మిగిలిన ముగ్గురిలో ఒకామె మాటల్లో చెప్పింది. గూడెంలో అందరూ ఆమెనే అంటున్నారట. ఆడదానికి బండెందుకు, ఎగిరింది, కాలు నరుక్కున్నది అని. పెళ్లిళ్లలో, సంతలో, ఆమె కుంటుకుంటూ పోతుంటే పిల్లలకు చూపించి మరీ చెబుతున్నారట. "మరి ఆమె ఏమంటుంది?" అని అడిగాను.

"ఏమంటది? ఏమనది" అన్నది.

మూడేళ్లు ఒక్క రాయి కూడా వదలకుండా ఏరిన మనిషి. ఆ రాత్రి మా ఆవిడకు మొత్తం చెప్పాను, అప్పటిదాకా ఆమెకు కూడా నేను రిపోర్టులో రాసిందే తెలుసు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇన్నాళ్లు మాతో కూర్చుని ఎట్లా తిన్నారు?" అని మాత్రం అడిగింది.

రెండు పేజీల ఉత్తరం రాశాను. బండి నడిపింది నేనే, ఆమె వద్దన్నది, సీటు స్విచ్‌కు తీగ కలిపించింది నేనే, తర్వాత తీసేసింది నేనే. ఎస్టేట్ ఆఫీసరు అప్పటికి బదిలీ అయిపోయాడు. కొత్తగా వచ్చినాయన ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఇప్పుడెందుకయ్యా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

"ఆమె మీద రాసింది కొట్టేయండి సార్. పని ఇవ్వండి."

"చూద్దాం" అన్నాడు. చూశారు. నన్ను ఆ నెలాఖరుకు మానిపించారు. అందులో నాకు ఫిర్యాదు లేదు. ఉత్తరం ఫైలులో పెట్టామన్నారు. పాత రిపోర్టు కూడా అదే ఫైలులో ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఆమెకు పని ఇవ్వలేదు, ఈసారి కాలు బాగాలేదన్నారు. వకీలు కేసు వేయొచ్చన్నాడు గానీ, ఆమె కోర్టుల చుట్టూ తిరగనన్నది.

ఉద్యోగం పోయిన వారం గూడేనికి వెళ్లాను. రోడ్డు మీద బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడవాలి. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఎడమ కాలికి దవాఖానావాళ్లు ఇచ్చిన బరువైన బూటు. ఆమె అక్క, పక్కింటివాళ్లు, ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, నన్ను చూసి చేరారు. నిలబడే చెప్పాను. బండి తోలింది నేను, ఈమె కాదు, ఈమె వద్దని చెప్పింది, నేను వినలేదు. ఒక పెద్దాయనకు తెలుగు సరిగా రాదు, ఆమె అక్క ఆయనకు వాళ్ల భాషలో చెప్పింది. ఆయన విని నా ముఖంలోకి చూసి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"ఇన్నొద్దులు యాడున్నవని అడుగుతుండు" అన్నది అక్క.

కాసేపటికి వాళ్లంతా ఎవరి పనికి వాళ్లు పోయారు. ఆమె మాత్రం చింతపండు పని ఆపలేదు. అక్క చెంబుతో నీళ్లు ఇస్తే తాగాను. నేను తెచ్చిన పళ్ల సంచి అరుగు మీద పెట్టాను.

తర్వాత నెలకోసారి వెళ్లేవాణ్ణి. కల్లూరులో ఒక నర్సరీలో పని దొరికింది, అక్కడినుంచి రెండు బస్సులు మారి వెళ్లేవాణ్ణి. మందులు, బిస్కెట్లు, ఒకసారి దుప్పటి. పోయి కూర్చుంటే ఆమె ఒకటి రెండు మాటలు మాట్లాడేది. వానలెట్లున్నయి, పిల్లలు మంచిగున్నరా అని. కాలు సంగతి నేను అడిగితే ఉన్నది అనేది. నా యాస మీద నవ్వడం లేదు. గూడెంవాళ్లు ఇప్పుడేమంటున్నారని ఒకసారి అడిగాను. "అనేటోళ్లు అంటనే ఉంటరు" అన్నది. నేను పోయి చెప్పిన దానివల్ల ఏమైనా మారిందో లేదో ఆ మాటలో నాకు తెలియలేదు.

ఐదోసారో ఆరోసారో, నేను లేవబోతుంటే ఆగమన్నది.

"సారూ, ఒక మాట చెప్త, ఏమనుకోకు."

"చెప్పక్కా."

"నువ్వు వచ్చిపోయిన్నాడు నాకు నిద్ర రాదు. మల్ల అదే దినం. నాలుగు దినాలదాక గట్లనే ఉంటది. మంచిగయ్యే యాళ్లకు మల్ల నువ్వొస్తవు." ఆమె నా వైపు చూడకుండా ఒళ్లోని వేరుశనగ పెంకులు దులుపుకుంది. "నీ మనసు తేలికయితదని వస్తున్నవు గద. నాకు తెలుసు. ఇగ రాకు."

"అక్కా..."

"కోపం లేదు. రాకు."

సరేనన్నాను. తెచ్చిన సంచి అక్కడే వదిలి బయల్దేరాను. రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది, ఇంకోటి వచ్చేదాకా గంటన్నర నిలబడ్డాను. దాని తర్వాత మళ్లీ వెళ్లలేదు. వెళ్లి రెండేళ్లు దాటింది. ఆమె ఎట్లా ఉందో చెప్పేవాళ్లు నాకు ఎవరూ లేరు.